ముడతల బట్టతో మూడంచెల గౌను

ఎండాకాలం వస్తోందంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో గౌన్ల మాటే ఎక్కువ. ఈసారైతే దాదాపు అందరూ ఒకే రకం గౌను గురించి అడిగారు. పైన చిన్న బాడీ, దాని కింద ఒకదాని కింద ఒకటిగా మూడు కుచ్చుల అంచెలు. బట్ట కూడా సాదా కాటన్ కాదు. పొంగుల సీర్‌సకర్, ముడతల క్రింకిల్ కాటన్, రెండు పొరల డబుల్ గాజ్, గుంటలు గుంటలుగా ఉండే వాఫిల్. తడిమి చూస్తే చేతికి తగిలే బట్టలన్నమాట. నాకు బాగా ఇష్టమైన బట్టలు ఇవి. ఒంటికి అతుక్కోవు, బట్టకీ ఒంటికీ మధ్య గాలి ఆడుతుంది, ఇస్త్రీ గొడవ తక్కువ. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

అక్కా, నా దగ్గర 44 అంగుళాల పన్నా సీర్‌సకర్ 4 మీటర్లు ఉంది. నా ఛాతీ 36. భుజం నుంచి పిక్కల దాకా 46 అంగుళాల పొడవుతో మూడంచెల గౌను కుట్టుకోవాలని ఉంది. ప్రతి అంచెకీ దాని పై అంచెకి రెట్టింపు బట్ట తీసుకోవాలని విన్నాను. అలా లెక్కేస్తే బట్ట చాలడం లేదు. ఇంకో రెండు మీటర్లు తీసుకోనా? కుట్టడం వచ్చు గానీ ఇలాంటి బట్ట ఎప్పుడూ కుట్టలేదు.

వద్దమ్మా, తీసుకోకండి. ఉన్నది చాలు, మిగులుతుంది కూడా. రెట్టింపు అన్నది తప్పు మాట కాదు. కాకపోతే అది పలచగా, సాఫుగా ఉండే బట్టకి సరిపోయే లెక్క. మీ బట్టకి అది పనికిరాదు. ఎందుకో చెబుతాను.

సీర్‌సకర్‌ని ఒకసారి వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. ఒక గీత సాఫుగా ఉంటుంది, పక్క గీత పొంగి ఉంటుంది. నేసేటప్పుడు పడుగు దారాల్ని, అంటే నిలువు దారాల్ని, రెండు వేరువేరు రోలర్ల మీద నుంచి వదులుతారు. ఒక రోలర్ దారాలు బిగుతుగా వస్తాయి, రెండో దానివి వదులుగా ఎక్కువెక్కువగా వస్తాయి. వదులు దారాలు పడిన చోట బట్ట పొంగుతుంది. అంటే పొంగు గీతలో ఉన్న దారం సాఫు గీతలో ఉన్న దారం కన్నా పొడవు. మీరు సూది పట్టుకోకముందే ఆ బట్టలో కొంత కుచ్చు నేతలోనే పడిపోయి ఉంది. దాని మీద మళ్ళీ రెట్టింపు కుచ్చు పెడితే గౌను జారదు, గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. నడుము దగ్గర కుట్టు వేలెడు లావవుతుంది, మిషన్ పాదం కిందికి కూడా సరిగ్గా దూరదు.

ఇక లెక్క చూద్దాం. ఛాతీ 36కి 4 అంగుళాలు వదులు ఇస్తే బాడీ కింది చుట్టుకొలత 40. రెట్టింపు చొప్పున వెళ్తే మొదటి అంచె 80, రెండోది 160, మూడోది 320 అంగుళాలు. రెట్టింపు మూడుసార్లు జరిగితే ఎనిమిదింతలవుతుంది, చాలామంది ఇది గమనించరు. 320 అంగుళాలంటే దాదాపు 27 అడుగుల ఘేర్! ఒకటిన్నర చొప్పున వెళ్తే అదే 60, 90, 135. మూడింతలకి కాస్త ఎక్కువ. ముడతల బట్టకి ఇది చక్కగా సరిపోతుంది.

మీ పన్నా ఉతికాక 44 నుంచి 42కి వచ్చిందనుకుందాం. అతుకు కుట్లలోకి పోగా ఒక్కో పట్టీకి 41 అంగుళాలు మిగులుతుంది. ఇప్పుడు పట్టీల్ని ముక్కలు ముక్కలు చేయకుండా ఇలా సర్దుకోండి. మొదటి అంచెకి ఒకటిన్నర పట్టీ, రెండో అంచెకి రెండు, మూడో అంచెకి మూడు. చుట్టుకొలతలు సుమారు 61, 82, 123 వస్తాయి. మధ్య అంచెలో కుచ్చు కాస్త తక్కువ, ఒకటీ మూడోవంతే. నాకు అదే ఇష్టం. తొడల దగ్గర అంత ఉబ్బు లేకుండా, కిందికి వచ్చేసరికి విచ్చుకుంటుంది.

బాడీ పొడవు 15 పోతే అంచెలకి 31 అంగుళాలు కావాలి. మూడూ సమానంగా పెట్టకండి. సమానంగా పెడితే కింది అంచె పొట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. 9, 10, 12 పెట్టండి. పైనా కిందా అర అంగుళం కుట్టులోకి, చివరి అంచెకి కింద మడత కోసం అంగుళంన్నర కలిపితే పట్టీల ఎత్తు 10, 11, 14 అవుతుంది. మొదటి అంచెకి రెండు పట్టీలు కోసి ఒకదాన్ని సగం చేస్తారు కాబట్టి 20 అంగుళాలు, రెండో అంచెకి 22, మూడో అంచెకి 42. మొత్తం 84. బాడీ ముందు, వెనుక ముక్కలకి 32. అంతా కలిపితే 116 అంగుళాలు, మూడు మీటర్లు కూడా కాదు. 4 మీటర్ల బట్ట ఉతికాక నూటికి అయిదు వంతులు తగ్గినా 150 అంగుళాల దాకా ఉంటుంది. చేతులు, జేబులు, మెడకి ఏటవాలుగా కోసే క్రాస్ పట్టీ అన్నీ మిగిలిన దాంట్లో వచ్చేస్తాయి. రెట్టింపు చొప్పున అయితే 14 పట్టీలు కావాలి. బాడీతో కలిపి 208 అంగుళాలు, అంటే 5 మీటర్ల 30 సెంటీమీటర్లు. మీకు బట్ట చాలనిది అందుకే.

ఒక్క జాగ్రత్త. అతుకులు తప్పించుకోవచ్చని పట్టీల్ని బట్ట పొడవునా కోయాలనిపిస్తుంది. కోయకండి. సీర్‌సకర్ గీతలు పడుగు వెంట పోతాయి. పన్నా వెంట అడ్డంగా కోస్తేనే గౌను మీద గీతలు నిలువుగా నిలబడతాయి. పొడవునా కోస్తే గీతలు అడ్డం తిరుగుతాయి, కుచ్చు కూడా సాఫీగా కూర్చోదు. అతుకుల గురించి బెంగ పడకండి. కుచ్చుల్లో ఎక్కడుందో మీకే కనిపించదు.

బట్టని ముందు ఉతికి తీరాలి. తర్వాత ఆ గౌనుని ఎలా ఉతుకుతారో అలాగే, మిషన్‌లో అయితే మిషన్‌లో, చేత్తో అయితే చేత్తో. ఆరాక బల్ల మీద పరిచి, లాగకుండా ఒక రాత్రి వదిలేయండి. బల్ల చాలక కిందికి వేలాడితే ఆ బరువుకి సాగుతుంది కాబట్టి మిగిలిన భాగాన్ని కుర్చీ మీద పెట్టండి. టేపు పెట్టినప్పుడు బట్టని అరచేత్తో సాపు చేయకండి. మనకి అలవాటుగా చెయ్యి వెళ్ళిపోతుంది. ఒక్కో పట్టీకి అర అంగుళం సాగదీసి కొలిచినా, కోశాక అది తిరిగి ముడుచుకుంటుంది, పట్టీలన్నీ తలో కొలత అవుతాయి.

మేడమ్, కుచ్చు దారం లాగుతుంటే తెగిపోతోంది. కింది అంచె 120 అంగుళాలు. రెండుసార్లు మొత్తం ఊడదీసి మళ్ళీ వేశాను. మూడోసారి కూడా చివరికొచ్చాక తెగింది. ఏడుపొచ్చేసింది. మిషన్ లోపమా, దారం లోపమా?

రెండూ కాదమ్మా. 120 అంగుళాల బట్టని ఒకే దారం మీద లాగడమే ఇబ్బంది. ముడతల బట్ట గరుకుగా ఉంటుంది, ప్రతి పొంగు దగ్గరా దారం రాసుకుంటుంది. సాదా కాటన్ మీద సర్రున జారే దారం ఇక్కడ జారదు. మీరు చివరికొచ్చేసరికి ఆ రాపిడంతా ఒకే చోట పడుతుంది, అక్కడ తెగుతుంది.

అంచెని నాలుగు భాగాలు చేయండి. మూడు పట్టీలు అతికిన అంచె కదా, అతుకుల దగ్గర గుర్తులు పెట్టుకుంటే మూడు భాగాలే అవుతాయి, పై అంచె నాలుగు గుర్తులతో కలవవు. ఉంగరంలా అతికిన పట్టీని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, మడతల దగ్గర చిన్న చాక్ గీత పెట్టండి. పై అంచెకి కూడా అంతే. ఇప్పుడు కుచ్చు కుట్టు ఒక గీత దగ్గర మొదలుపెట్టి తర్వాతి గీత దగ్గర ఆపేయాలి. దారం చివరలు జానెడు వదిలి కత్తిరించి, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాలి. అప్పుడు ఒక్కో దారం మీద 30 అంగుళాలే పడుతుంది. తెగినా ఆ భాగం ఒక్కటే మళ్ళీ వేసుకుంటారు.

కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకి పెట్టండి. మొదట్లోగానీ చివర్లోగానీ వెనక్కి కుట్టి బిగించకండి. రెండు వరసలు వేయాలి. అంచు నుంచి పావు అంగుళంలో ఒకటి, అర అంగుళానికి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కిందగా రెండోది. అసలు కుట్టు అర అంగుళంలో, ఈ రెండు వరసల మధ్య పడాలి. ఒకే వరస వేస్తే కుచ్చులు అటూ ఇటూ ఒరిగిపోతాయి. రెండు వరసలుంటే నిటారుగా నిలబడతాయి. బాబిన్‌లో వేరే రంగు దారం, గట్టి పాలిస్టర్ దారం ఎక్కించండి. పై దారం టెన్షన్ కొంచెం వదులు చేయండి. లాగాల్సింది బాబిన్ దారాల్నే. రంగు వేరు కాబట్టి తడబడరు, పని అయ్యాక కిందగా కనిపించే వరసని ఊడదీయడానికీ సులువు.

లాగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. రెండు బాబిన్ దారాల్ని కలిపి ఎడమ చేతి చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టుకోండి. దారాన్ని గుంజకూడదు. దారం అలా బిగువుగా ఉండగా కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలుతో బట్టని దారం మీద నుంచి వెనక్కి నెట్టండి. నాలుగు వేళ్ళ వెడల్పు కుచ్చు పోగయ్యాక, దాన్ని ఇంకా అవతలికి తోసేసి మళ్ళీ కొత్త బట్ట అందుకోండి. సగం దాకా ఈ కొస నుంచి, మిగతా సగం ఆ కొస నుంచి చేయండి. కొలత కుదిరాక కొస దగ్గర ఒక గుండుసూది గుచ్చి దారాల్ని దాని చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి ఉంచితే జారదు, ముడి అక్కర్లేదు.

మీ మిషన్‌లో జిగ్‌జాగ్ ఉంటే ఇంకా సులువైన దారి ఉంది. క్రోషే దారం లాంటి లావు దారాన్ని అంచు మీద పరిచి, దానికి అటూ ఇటూ పడేలా వెడల్పు జిగ్‌జాగ్ కుట్టండి. సూది ఆ లావు దారాన్ని గుచ్చకూడదు, వంతెనలా దాని మీదుగా దాటుతూ పోవాలి. తర్వాత లావు దారం లాగితే కుచ్చు తనంతట తనే వస్తుంది. అది తెగే ప్రసక్తే లేదు. డబుల్ గాజ్‌కి, వాఫిల్‌కి నేను ఎప్పుడూ ఇదే వాడతాను.

రెండు అంచెల్ని కలిపి కుట్టేటప్పుడు కుచ్చు వైపు పైకి ఉండాలి. అప్పుడే ఏ కుచ్చు మడత పడుతోందో కనబడుతుంది. గుండుసూదులు అంచుకి నిలువుగా గుచ్చండి. పాదం ఒత్తిడి తగ్గించే మర ఉంటే ఒక చుట్టు వదులు చేయండి, లేకపోతే పాదం కుచ్చుల్ని ముందుకి తోసుకుంటూ పోతుంది. సూది 11 నంబరుది, కొత్తది పెట్టండి. పాత సూది మొన డబుల్ గాజ్‌లో దారాల్ని పట్టి లాగేస్తుంది. నెమ్మదిగా, మూడేసి అంగుళాలు కుట్టి ఆపుతూ, సూది బట్టలోనే ఉంచి, కుచ్చుల్ని మొన లేని సన్నపు పుల్లతో సర్దుకుంటూ వెళ్ళండి. ఈ ఒక్క కుట్టుకి గంట పట్టినా పట్టనివ్వండి.

ముడతల బట్ట ఇస్త్రీ చేస్తే ముడతలు పోతాయా అండీ? ఒకరు పోతాయంటారు, ఒకరు పోవంటారు. కుట్టేటప్పుడు ఇస్త్రీ లేకుండా మడతలు ఎలా కూర్చుంటాయి?

ఇద్దరూ నిజమే చెప్పారు. ముడత ఎలా వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

సీర్‌సకర్‌లో ముడత నేతలో ఉంది. ఇస్త్రీ పెట్టె దాన్ని అణుస్తుంది గానీ పోగొట్టలేదు, ఒక్క ఉతుకు ఉతికితే మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఆ పేరు కూడా ఎంత బాగుంటుందో. పారశీకంలో షీర్-ఒ-షకర్ అన్న మాట నుంచి వచ్చింది, అంటే పాలూ పంచదారా. సాఫు గీత పాలలాగ, పొంగు గీత పంచదారలాగ ఉంటుందని. ఆ షకర్ మన శర్కరే, ఇక్కడి నుంచి పారశీకానికి వెళ్ళిన మాట.

అచ్చం అలాగే కనిపించే ఇంకో బట్ట ఉంది, ప్లిస్సే అంటారు. అందులో ముడత నేతలో రాదు, రసాయనంతో వస్తుంది. నూలు బట్టకి గాఢమైన కాస్టిక్ సోడా తగిలితే ముడుచుకుపోతుంది. జాన్ మెర్సర్ అనే ఆయన ఆ గుణాన్ని గమనించి 1850లో పేటెంటు తీసుకున్నాడు, మనం మెర్సరైజ్డ్ కాటన్ అనేది ఆయన పేరు మీదే. ఆ సోడాని బట్టంతా కాకుండా గీతలు గీతలుగా అద్దితే, తగిలిన గీత ముడుచుకుంటుంది, తగలని గీత పొంగుతుంది. అదే ప్లిస్సే. వేడి ఇస్త్రీ మళ్ళీ మళ్ళీ పెడితే దీని పొంగు తగ్గిపోతుంది. క్రింకిల్ కాటన్‌లో చాలా రకాలకి ముడత మెలిపెట్టి, ఒత్తి తెచ్చిందే. ఇస్త్రీ పెడితే సాఫై బట్ట వెడల్పవుతుంది. వాఫిల్ అణిగి, తడి తగలగానే తిరిగి లేస్తుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. మా చెల్లెలి కూతురికి క్రింకిల్ కాటన్‌తో గౌను కుడదామని కూర్చున్నాను. బట్ట ముడుచుకుపోతూ కోతకి లొంగడం లేదని చక్కగా ఇస్త్రీ చేసి, సాఫుగా పరిచి, కొలతలు పెట్టి కోశాను. కుట్టడం ఎంత సుఖంగా జరిగిందో. పిల్ల వేసుకుంది, సరిగ్గా సరిపోయింది, పొంగిపోయింది. మొదటి ఉతుకు తర్వాత ముడతలు తిరిగొచ్చాయి. క్రింకిల్ ముడతలు పొడవునా పోతాయి కాబట్టి తగ్గేది వెడల్పే. అంచెలకి ఏమీ కాలేదు, అవి ఎలాగూ వదులే. బాడీ మాత్రం రెండంగుళాలు బిగిసిపోయి భుజాల మీద నుంచి దిగలేదు. రెండు చేతులూ పైకెత్తి, గౌను మొహానికి అడ్డం పడి ఆ పిల్ల అలా నిలబడిపోవడం నాకు బాగా గుర్తు. పక్క కుట్లు విప్పి చెరో వైపు పట్టీ అతికి ఇచ్చాను గానీ, అది మొదటి గౌను కాలేదు.

అందుకని బట్ట కొనగానే అరచేయంత ముక్క కోసి, దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి కాగితం మీద పెట్టుకోండి. ముక్కని తడిపి ఆరబెట్టి ఆ గీతతో పోల్చండి. తర్వాత ఇస్త్రీ పెట్టి మళ్ళీ పోల్చండి. మీ బట్ట ఏ రకమో ఆ ముక్కే చెబుతుంది. ఇస్త్రీకి సాగే బట్టని ఇస్త్రీ చేయకుండానే కోయాలి, ఎంత విసుగనిపించినా సరే.

కుట్లు కూర్చోవాలంటే బల్ల మీద మందపాటి తువ్వాలు మడిచి వేసి, బట్టని తిరగేసి పరిచి, కుట్టు మీద మాత్రమే ఇస్త్రీ పెట్టె మొనతో తాకండి. రుద్దకండి, ఎత్తి పెట్టండి. పొంగులు తువ్వాలులోకి దిగుతాయి గానీ అణిగిపోవు. అంచెల కుట్టు మార్జిన్ ఎప్పుడూ పైకి, కుచ్చు లేని వైపుకి తిప్పండి. కుచ్చు మీద పెట్టె పడుకోబెడితే కుచ్చులు మడతలైపోతాయి, వాటిని మళ్ళీ లేపలేరు.

నేను కాస్త లావుగా ఉంటాను. అంచెల గౌను అంటే చాలా ఇష్టం. వేసుకుంటే ఇంకా లావుగా కనిపిస్తానని ఇంట్లో అంటున్నారు. మానుకోవాలా?

మానుకోకండమ్మా. ఎండలో ఒంటికి తగలకుండా హాయిగా ఉండే గౌను అందరికీ కావాలి. చూడాల్సింది ఒక్కటే, మొదటి కుచ్చు కుట్టు ఎక్కడ పడుతోంది అన్నది. పొట్ట మీద గానీ పిరుదుల మీద గానీ సరిగ్గా వెడల్పుగా ఉన్న చోట పడితే ఉబ్బు మీద ఉబ్బు చేరుతుంది. దాన్ని పైకి జరపండి, ఛాతీ కింద రెండు వేళ్ళ దూరంలో పెట్టండి. ఆ అంచెకి కుచ్చు ఒకటీ పావు చాలు. పొడవు కాస్త ఎక్కువ, 12 లేదా 13 అంగుళాలు పెడితే రెండో కుట్టు పిరుదులు దాటి కిందికి పోతుంది. ఇక కింద మీ ఇష్టం, ఒకటిన్నర పెట్టుకోండి.

బట్టలో మెత్తగా జారేది తీసుకోండి. డబుల్ గాజ్ రెండు పల్చటి పొరల్ని అక్కడక్కడ ఒకదానితో ఒకటి కలిసేలా నేసిన బట్ట, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది, ఒంటి మీద వాలుతుంది. వాఫిల్ మందం, మీకు వద్దు. అసలు వాఫిల్‌తో మూడంచెలు ఎవరికీ చెప్పను నేను. మందపు బట్ట, మందపు కుట్టు, ఎండాకాలం గౌనుకి ఆ బరువు ఎందుకు? రెండంచెలతో ఆపితే సరి. కొలతలు తీసుకునేటప్పుడు అద్దం ముందు నిలబడి నడుముకి ఒక నాడా కట్టుకుని, పైకీ కిందికీ జరుపుకుంటూ మీకు ఎక్కడ నచ్చితే అక్కడ ఆపి, భుజం నుంచి అక్కడికి కొలుచుకోండి. ఇంట్లో వాళ్ళని కాదు, అద్దాన్ని అడగండి.

లైనింగ్ తప్పనిసరిగా వేయాలా?

బట్ట కింద చెయ్యి పెడితే వేళ్ళు లెక్కపెట్టేంతగా కనిపిస్తే వేయాలి. వేసినా బాడీకి, దాని కింద మోకాలి దాకా చాలు. లైనింగ్‌కి కుచ్చులు పెట్టకండి, నడుము దగ్గర బాడీ కొలతే ఉంచి కిందికి కాస్త వెడల్పయ్యేలా కోసి, నడుము కుట్టులో పట్టించి విడిగా వదిలేయండి. పలచటి నూలు బట్ట వేయండి. సీర్‌సకర్ కింద పాలిస్టర్ లైనింగ్ వేస్తే ఆ బట్ట కొన్నందుకు ఫలితమే ఉండదు.

మా అమ్మాయికి జేబులు లేకుండా గౌను కుడితే వేసుకోదు. అంచెల గౌనుకి జేబు పెడితే బరువుకి వేలాడుతోంది. ఏం చేయను?

జేబు సంచిని పక్క కుట్టుకి మాత్రమే పట్టించి ఉంటారు. సంచి పై అంచుని నడుము కుట్టులోకి కూడా పట్టించండి, అప్పుడు బరువు పక్క కుట్టు మీద కాక నడుము మీద పడుతుంది. సంచి లోతు మొదటి అంచె ఎత్తు దాటకూడదు. అంచె 9 అంగుళాలైతే జేబు 8 చాలు. దాటితే రెండో కుచ్చు కుట్టు మీద వస్తువులు గుద్దుకుంటూ ఉంటాయి. ఇంకో మాట, మొదటి అంచెకి ఒకటిన్నర పట్టీ వాడితే అతుకులు సరిగ్గా పక్కల్లోకి రావు. జేబులు కావాలంటే ఆ ఒకటిన్నర పట్టీ మొత్తం కొలతని ముందుకి సగం, వెనక్కి సగంగా రెండు సమాన ముక్కలు చేసుకుని, మార్జిన్ కలుపుకుని, రెండు పక్కలా అతుకు వచ్చేలా కోయండి.

అక్కా, మూడంచెల గౌను కుట్టుకున్నాను, అందరూ మెచ్చుకున్నారు. నాలుగు ఉతుకులయ్యాక నడుము కుట్టు కిందికి జారింది, మెడ వెడల్పయి భుజం మీద నిలవడం లేదు. కింద అంచు కూడా ఒక పక్క దిగింది. ఇప్పుడేమైనా చేయొచ్చా?

చేయొచ్చు, విప్పకుండానే చేయొచ్చు. ముందు ఎందుకు జారిందో చూడండి. నేను కుట్టిన ఇలాంటి గౌను అంచెల్ని బాడీకి అతికే ముందు తూకం వేస్తే 300 గ్రాముల దగ్గర వచ్చింది. ఆ బరువంతా వేలాడేది నడుము కుట్టుకి, నడుము కుట్టు వేలాడేది భుజాల రెండు కుట్లకి. పైగా ముడతల బట్ట సాగుతుంది. తడిసినప్పుడు నీళ్ళ బరువు తోడవుతుంది. మీరు ఉతికాక హ్యాంగర్‌కి తగిలించి ఆరబెట్టి ఉంటారనుకుంటాను.

అర అంగుళం వెడల్పు కాటన్ టేపు తీసుకోండి, సాగనిది. తడిపి ఆరబెట్టి, మీ బాడీ కింది అసలు కొలత ఎంతో, మీ విషయంలో కుట్టక ముందు రాసుకున్న కొలత, అంత కోసి కొస కొస కలిపి ఉంగరంలా కుట్టండి. గౌనుని తిరగేసి నడుము కుట్టు మార్జిన్ మీద ఆ టేపుని నాలుగు చోట్ల గుండుసూదులతో పట్టించండి. బట్ట టేపు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అదే సాగిన భాగం. దాన్ని టేపుకి సమంగా సర్దుకుంటూ చేత్తో చిన్న చిన్న కుట్లు వేయండి, మార్జిన్‌లోనే పడాలి, బయటికి కనిపించకూడదు. భుజం కుట్ల మీద కూడా ఇలాగే చెరో ముక్క. మెడకి క్రాస్ పట్టీ లోపల ఒక గట్టి దారంతో చేతికుట్టు వేసి, పాత కొలతకి వచ్చేదాకా మెల్లగా లాగి, కొసలు ముడేయండి. కొత్తగా కుట్టేవాళ్ళు మెడ కోసిన వెంటనే, ఇంకే పనీ చేయకముందు, అంచుకి ఒక నూలు లోపలగా చుట్టూ ఒక సాదా కుట్టు వేసేస్తే ఈ ఇబ్బంది చాలావరకు రాదు. నడుము టేపు కూడా అంచె అతికేటప్పుడే కుట్టులో కలిపేయవచ్చు.

ఒక పక్క అంచు దిగడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒక పక్క కుచ్చు తక్కువ, ఇంకో పక్క ఎక్కువ పడి ఉండొచ్చు. లేదా పట్టీలు కోసినప్పుడు పేక దారం, అంటే అడ్డం దారం, వెంట కాకుండా ఏటవాలుగా కోసి ఉండొచ్చు, ముడతల బట్టలో కంటికి తెలియదు. కోసే ముందు అంచు దగ్గర చిన్న గాటు పెట్టి ఒక్క పేక దారాన్ని లాగితే బట్టకి అడ్డంగా సన్నటి గీత పడుతుంది, ఆ గీత వెంట కోయాలి. సీర్‌సకర్ లాంటి బట్టని చింపకండి. చింపితే అంచు పొడవునా సాగి అలలు తేలుతుంది. ఇప్పుడు మీ గౌనుకైతే కింద మడత విప్పి, గౌను వేసుకుని చెప్పుల్లేకుండా నేల మీద నిలబడండి. ఇంకొకర్ని పొడుగాటి స్కేలు నేలకి నిలువుగా పెట్టి, నేల నుంచి ఒకే ఎత్తులో చుట్టూ చాక్ చుక్కలు పెట్టమనండి. మీరు వంగకూడదు, చేతులు పక్కన వదిలేయాలి. ఆ చుక్కల మీదుగా కొత్తగా మడత వేసుకోండి, అంగుళంన్నర కుదరకపోతే అర అంగుళం మడతైనా సరిపోతుంది.

ఆ తర్వాత ఉతికినప్పుడల్లా పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్ళు తీసేసి, నడుము దగ్గర సగానికి మడిచి తీగ మీద వేయండి. బాడీ ఒక పక్క, అంచెలు ఒక పక్క ఉండాలి. నడుము కుట్టు మాత్రం తీగ మీదే కూర్చోవాలి.